ఊళ్ళో ఫస్ట్, యూనివర్సిటీలో ఫెయిల్: ఒక కేసు ఫైలు

ఒకే పోలిక ఉన్న మూడు ఫైళ్ళను కలిపి రాసిన కేసు ఇది. మనిషిని గుర్తుపట్టగలిగే వివరాలన్నీ తీసేశాం. మార్కులు, నిమిషాలు లెక్క కట్టే పద్ధతిని చూపించడానికి ఇచ్చినవి.

స్కూల్ చదువు ముగిసేదాకా క్లాసులో మొదటి స్థానం వదలని 18 ఏళ్ళ అమ్మాయి. చిన్న ఊరు, ఒకటే స్కూలు. యూనివర్సిటీలో సైన్స్ డిగ్రీలో చేరి మొదటి సెమిస్టర్ ఐదు సబ్జెక్టుల్లో రెండు తప్పింది. కాలిక్యులస్ 27, ఫిజిక్స్ 29. పాస్ మార్కు 40. కెమిస్ట్రీ 42తో గట్టెక్కింది, ఇంగ్లిష్ 55. ప్రోగ్రామింగ్‌లో మాత్రం 74. రెండో సెమిస్టర్ రెండో వారంలో కౌన్సెలింగ్‌కు పంపారు. పంపిన కాగితం మీద రెండే ముక్కలు: బేసిక్స్ వీక్, కష్టపడాలి. ఆ అమ్మాయి చెప్పింది ఇంకో మాట: "ఇక్కడ చదివే బుర్ర నాకు లేదేమో మేడమ్." జవాబు పత్రాలు తెరవకముందే చెప్పిన తీర్పులు రెండూ.

ఎందుకు పోయాయని కాదు, ఎలా వచ్చాయని

ఇలాంటి కేసుల్లో అందరూ మార్కులు ఎందుకు పోయాయని అడుగుతారు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: సరిగ్గా చదవలేదు. అంతకంటే పనికొచ్చే ప్రశ్న, ఇన్నాళ్ళూ ఆ మార్కులు ఎలా వచ్చాయన్నది. అందుకే చిన్నప్పటి నుంచి చరిత్ర తీసుకోవాలి. తీసుకోవాల్సింది ఉద్వేగాల చరిత్ర కాదు, ఏర్పాట్ల చరిత్ర.

ఊహలను నమ్మకూడదనడానికి పాత ఉదాహరణ ఒకటుంది. 1970ల చివర్లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో యూరీ ట్రైస్‌మన్ అనే గణిత పరిశోధకుడు, నల్లజాతి విద్యార్థులు కాలిక్యులస్‌లో ఎందుకు తప్పుతున్నారని అధ్యాపకులను అడిగాడు. పట్టుదల లేదు, పునాది లేదు, ఇంటి ప్రోత్సాహం లేదు, డబ్బు లేదు అన్నారు. ఆ తర్వాత విద్యార్థుల వెంట ఉండి, వాళ్ళు చదివే తీరును దగ్గరగా చూస్తే ఆ నాలుగూ నిలబడలేదు. తప్పుతున్నవాళ్ళు ఎక్కువగా ఒంటరిగా చదువుతున్నారు. బాగా చేస్తున్న చైనా మూలాల విద్యార్థులు విడిగా చదివాక ఒకచోట చేరి ఒకరి లెక్క ఒకరు సరిచూసుకుంటున్నారు. తేడా పనిచేసే తీరులో ఉంది. దగ్గరుండి చూస్తే తప్ప అది తెలిసేది కాదు.

చరిత్ర తీయడానికి 50 నిమిషాల చొప్పున మూడు సిట్టింగులు పట్టాయి. మొదటిదానికి ఒక ఏ4 కాగితం చాలు. అడ్డంగా పెట్టి ఆరేళ్ళ వయసు నుంచి నేటిదాకా ఒక గీత గీయించాలి. దాని కింద ఐదు వరుసలు: నిద్ర లేపింది ఎవరు, ఎక్కడ కూర్చుని చదివేది, ఏది ముఖ్యమో చెప్పింది ఎవరు, ఎన్నాళ్ళకోసారి పరీక్ష, క్లాసుకు రాకపోతే ఎవరికి తెలిసేది. ప్రతి వరుసలోనూ పేరో, వేళో రాయించాలి. "మా ఇంట్లో బాగా సపోర్ట్ చేసేవాళ్ళు" అంటే అది జవాబు కాదు. ఎవరు, ఏ వేళకు, ఏం చేసేవాళ్ళు అని మళ్ళీ అడగాలి.

ఈ కేసులో కాగితం మీదికి వచ్చినవి: పదేళ్ళపాటు అదే క్లాసు, అవే 38 మంది. స్కూలు నడిచే దూరంలో ఉంది. టీచరు నోట్స్ చెప్పి రాయించేవారు, అందులో ఉన్నదే పరీక్షలో వచ్చేది. ప్రతి శనివారం టెస్టు. రాత్రి అన్నం వేళకు ముందు అమ్మమ్మ ముందు కూర్చుని ఆ రోజు పాఠం అప్పజెప్పాలి. అమ్మమ్మకు చదువు రాదు. అయినా పుస్తకం మూసి తన ఒళ్ళో పెట్టుకునేది. మనవరాలు తడబడితే "మళ్ళీ చెప్పు" అనేది, అంతే.

మొత్తం ఫైల్లో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే. ఆ అమ్మాయి దృష్టిలో మాత్రం అది లెక్కలోకే రాని విషయం, నవ్వుతూ చెప్పి వదిలేసింది.

అప్పజెప్పడాన్నీ వల్లెవేయడాన్నీ ఒకే గాటన కట్టి పాతకాలపు చదువని కొట్టిపారేస్తుంటాం. రెండూ ఒకటి కావు. వల్లెవేసేటప్పుడు పాఠం కళ్ళముందు ఉంటుంది, అప్పజెప్పేటప్పుడు బుర్రలోంచి లాగాలి. 2006లో రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో ఒక గుంపు పాఠాన్ని రెండోసారి చదివింది, మరో గుంపు చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి: 81 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకు 75. వారం గడిచాక తారుమారైంది: చదివినవాళ్ళకు 42, రాసినవాళ్ళకు 56. చదివి పడుకున్న రాత్రి అంతా వచ్చేసినట్టు ఉండటానికీ, పరీక్ష హాల్లో చేయి ఆడకపోవడానికీ కారణం ఇక్కడే ఉంది.

స్కూల్లో ఈ అమ్మాయికి రోజూ ఒకసారి, వారానికోసారి ఈ పని జరిగిపోయేది. చేస్తున్నట్టు తనకు తెలియదు. యూనివర్సిటీకి వచ్చిన రోజున ఆ రెండూ పోయాయి. పోయినట్టూ తెలియలేదు.

జవాబు పత్రాలు

రెండో సిట్టింగ్‌లో బల్లమీద జవాబు పత్రాలు, నోటు పుస్తకాలు మాత్రమే ఉండాలి. వచ్చిన మార్కులను పక్కన పెట్టి పోయినవాటిని ఒక్కొక్కటిగా వర్గం చేయాలి. కాలిక్యులస్‌లో పోయిన 73 ఇలా తేలాయి: ముట్టుకోని ప్రశ్నలకు 31, ప్రశ్నను సమీకరణంగా మార్చడంలో తప్పులకు 22, కూడికలు, గుర్తులు, భిన్నాల పొరపాట్లకు 12, అసలు భావనే తెలియక 8.

"బేసిక్స్ వీక్" అన్న తీర్పు నిజమైతే ఆ చివరి అంకె పెద్దగా ఉండాలి. అది అన్నిటికంటే చిన్నది. ముట్టుకోని 31లో 12 చివరి ప్రశ్నవి, టైం చాలలేదు. మిగతా 19 మార్కుల ప్రశ్నలకు సరిగ్గా అలాంటి లెక్కలే నోట్సులో ఉన్నాయి, ముత్యాల్లాంటి అక్షరాలతో, రెండు రంగుల ఇంకుతో. అన్నీ బోర్డు మీద నుంచో, సీనియర్ల కాగితాల నుంచో ఎత్తి రాసినవే.

టైం ఎందుకు చాలలేదో తేల్చడానికి స్కూలు స్థాయి బీజగణితం మీద 20 ప్రశ్నల చిన్న పరీక్ష పెట్టాం: భిన్నాలు, ఘాతాంకాలు, లాగరిథమ్‌లు, త్రికోణమితి సూత్రాలు. మామూలుగా 20 నిమిషాల పని. 41 నిమిషాలు పట్టింది, 13 ఒప్పులు. వచ్చు, కానీ నెమ్మది. పది ప్రశ్నల మూడు గంటల పేపర్లో ఒక్కో ప్రశ్నకు 18 నిమిషాలు. రెండు నిమిషాల్లో తేలాల్సిన సూక్ష్మీకరణ ఆరు నిమిషాలు తింటే, ఆఖరి ప్రశ్నలు ఎంత తెలిసినవైనా దక్కవు.

ఇక ప్రోగ్రామింగ్‌లో 74. అదే మనిషి, అదే హాస్టల్, అదే నిద్ర. అక్కడ ఫెయిర్ నోట్స్ రాసుకుని తృప్తిపడటం కుదరదు. తప్పు రాస్తే మెషీన్ అప్పటికప్పుడు ఎర్రర్ చూపిస్తుంది, వారం వారం ల్యాబ్‌లో చేసి చూపించాలి. అంటే అమ్మమ్మ, శనివారం టెస్టు రెండూ ఆ ఒక్క సబ్జెక్టులో మిగిలాయన్నమాట. బుర్ర లేదన్న అనుమానానికి జవాబుగా ఈ మార్కునే ఆమె ముందు పెట్టాం. ఓదార్పు మాటలు అవసరం పడలేదు.

ఏడు రోజుల చిట్టా

రోజుకు ఏడు గంటలు చదువుతున్నానని చెప్పింది. అబద్ధం కాదు, అంచనా. అరగంటకో గడి చొప్పున వారానికి 336 గడుల కాగితం ఇచ్చి, ఏ గడిలో ఏం చేసిందో అదే పూట నింపమన్నాం. రాత్రికి ఒకేసారి నింపితే మళ్ళీ అంచనాలే వస్తాయి.

సగటున బల్ల దగ్గర ఉన్నది ఐదున్నర గంటలు. అందులో ఫెయిర్ నోట్స్ రాయడానికి 2 గంటల 15 నిమిషాలు, వీడియో పాఠాలకు గంటా 20, చేసి ఉన్న లెక్కలు చదవడానికి గంటా 10, ఫోను, వెతుకులాటకు 20 నిమిషాలు. పుస్తకం మూసి సొంతంగా లెక్క చేసింది 25 నిమిషాలు. పరీక్షలో చేయాల్సిన పని ఆ ఒక్కటే. "కష్టపడాలి" అన్న సలహా పాటించి ఉంటే ఫెయిర్ నోట్స్ ఇంకో గంట పెరిగేవి.

చిట్టాలో ఇంకో మూడు బయటపడ్డాయి. నిద్ర సగటు 5 గంటల 20 నిమిషాలు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం రెండింటికల్లా ఊరి బస్సు ఎక్కుతోంది, నాలుగు గంటల ప్రయాణం. మూడింటికి కాలిక్యులస్ ట్యుటోరియల్. అంటే సెమిస్టర్ మొత్తంలో ఒక్క ట్యుటోరియల్‌కూ వెళ్ళలేదు. ఇంటి మీద బెంగ అనుకుంటాం కానీ, బెంగ కొంతే. ఇంట్లో ఫారాలు నింపగలిగింది ఆమె ఒక్కతే. బ్యాంకు పని, తమ్ముడి స్కూలు పని, పక్కింటివాళ్ళ దరఖాస్తులు కూడా ఆమె కోసం ఆగి ఉంటాయి. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళను ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. అది వాళ్ళకు సమస్యగా తోచదు, బాధ్యత.

మూడోది కళ్ళు. క్లాసులో ఎక్కడ కూర్చుంటావంటే వెనక అంది. 180 మంది పట్టే హాలు. బోర్డు కనిపిస్తుందా అంటే "పక్కమ్మాయి నోట్స్ చూసి రాసుకుంటా" అంది. కంటి పరీక్షలో హ్రస్వదృష్టి తేలింది. స్కూల్లో ఫస్ట్ వచ్చే పిల్ల కాబట్టి ఎప్పుడూ ముందు బెంచీయే, చూపు తగ్గిన సంగతి ఎవరికీ తెలియలేదు. కళ్ళజోడు వారంలో వచ్చింది. ఎంతో లోతైన విశ్లేషణ మొదలుపెట్టే ముందు చూపు, వినికిడి, రక్తహీనత, థైరాయిడ్ వంటివి చూపించి పక్కన పెట్టడం మంచిది.

మనసు సంగతి మొదటి సిట్టింగ్‌లోనే చూడాలి. కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలు ఉంటాయి, గడిచిన రెండు వారాల గురించి, మొత్తం 27 పాయింట్లు. ఈమెకు 8 వచ్చింది, ఎక్కువభాగం నిద్ర, అలసట దగ్గరే. 10 లేదా అంతకు మించి వస్తే డాక్టరు చూడాల్సిందే. చావు, స్వీయహాని గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా మొత్తం ఎంతని చూడకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి పంపాలి. చదువు ప్లాను తర్వాత.

మొదటి ప్లాను చెడిపోయింది

మొదట ఇచ్చిన ప్లానులో పదకొండు అంశాలు. మూడు వారాల తర్వాత చూస్తే ఆమె దాన్ని రంగు రంగుల టైంటేబుల్‌గా గీసి గోడకు అంటించింది. చాలా అందంగా ఉంది. పాటించింది రెండు రోజులు. ఫెయిర్ నోట్స్ జబ్బుకు మందు రాస్తే ఆ మందును కూడా ఫెయిర్ చేసింది. తప్పు ఆమెది కాదు, చీటీ రాసినవాళ్ళది.

రెండో ప్లానులో మూడే అంశాలు: శుక్రవారం ట్యుటోరియల్, రాత్రి 12కి దీపం ఆర్పడం, మూసిన పుస్తకం. ఫారాల పని బుధవారం సాయంత్రం గంటసేపు ఫోన్లో. ఊరికి మూడు వారాలకోసారి, ట్యుటోరియల్ అయ్యాక. ఇంట్లోవాళ్ళతో ఈ మాట ఆమె ఒక్కతే చెబితే "మారిపోయింది" అంటారు. అందుకే ట్యుటోరియల్ వేళ ఉన్న కాగితం ఫోటో పంపించి, తండ్రితో మాట్లాడించాం. ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

మూసిన పుస్తకం అంటే ఇది. క్లాసు జరిగిన రోజే పది నిమిషాలు తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయాలి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర ఇంకుతో చేర్చాలి. మర్నాడు ఎర్రవి మాత్రం, నాలుగో రోజు అన్నీ, పదో రోజు మళ్ళీ అన్నీ. లెక్కలైతే క్లాసు రోజున మూడు. ఆగిపోతే 15 నిమిషాలు పెనుగులాడాలి. అప్పటికీ కదలకపోతే చేసి ఉన్న జవాబు మీద కాగితం కప్పి, ఒక్క వరుస కిందికి జరిపి చూసి, మూసి, ముందుకు సాగాలి. కాగితం కప్పకపోతే చూపు జారి జవాబంతా చదివేస్తుంది, ఆ లెక్క ఇక పనికిరాదు. సాయం తీసుకున్న ప్రతి లెక్క పక్కన చుక్క పెట్టి, మూడు రోజుల తర్వాత మొదటి నుంచి చేయాలి. చుక్క లేకుండా చేసినప్పుడే అది వచ్చినట్టు.

బీజగణితం వేగానికి రోజుకు పావుగంట, గడియారం పెట్టి పది చిన్న లెక్కలు, నాలుగు వారాలు. చివర్లో అదే స్థాయి పరీక్ష 24 నిమిషాల్లో, 18 ఒప్పులతో చేసింది.

ఫ్లాష్ కార్డులు సొంతంగా మొదలుపెట్టింది. 140 తయారయ్యాయి, అన్నీ సూత్రాలే. సూత్రం అడిగితే ఠక్కున చెబుతుంది, ఏ లెక్కకు ఏ సూత్రమో అడిగితే చూస్తూ ఉండిపోతుంది. సమీకరణంగా మార్చడంలో పోయిన 22 మార్కులు ఇక్కడివే. పుస్తకంలో ప్రతి అధ్యాయం చివర ఒకే రకం లెక్కలు ఉంటాయి కాబట్టి పద్ధతి ఎంచుకోవాల్సిన అవసరం పడదు. పరీక్షలో అధ్యాయం పేరు ఎవరూ చెప్పరు. 2007లో రోరర్, టేలర్ ఘనపరిమాణం లెక్కలతో దీన్ని పరీక్షించారు. ఒకే రకం వరసగా చేసినవాళ్ళు సాధనలో 89 శాతం, కలగలిపి చేసినవాళ్ళు 60 శాతం ఒప్పు చేశారు. వారం తర్వాత పరీక్షలో వరసగా చేసినవాళ్ళకు 20, కలగలిపినవాళ్ళకు 63. కాబట్టి కార్డులు మార్చాం: ముందువైపు లెక్క, వెనకవైపు మొదటి అడుగు, అదెందుకో ఒక వాక్యం. జవాబు రాయకూడదు. ఆదివారం నాలుగు అధ్యాయాల కార్డులు కలిపి ఇరవై. ఈ పద్ధతిలో మొదటి రెండు వారాలు తప్పులు పెరుగుతాయి. ఆ సంగతి ముందే చెప్పకపోతే మానేస్తారు.

గ్రూప్ స్టడీ కూడా మొదట దారి తప్పింది. నలుగురిలో ఒకరు చేస్తే ముగ్గురు ఎక్కించుకునేవాళ్ళు. తర్వాత నియమం పెట్టారు: మొదటి 25 నిమిషాలు ఎవరి కాగితం వాళ్ళది, తర్వాత చీటీ తీసి ఎవరి పేరు వస్తే వాళ్ళు చేతిలో కాగితం లేకుండా బోర్డు మీద చెప్పాలి. వినేవాళ్ళ పని ఒకటే, "ఎందుకు?" అని అడగడం.

అడగడం

సెమిస్టర్ మొత్తంలో ఒక్క లెక్చరర్‌నూ కలవలేదు. డౌట్ అడగడమంటే తనకు రాదని ఒప్పుకోవడం అనుకుంది, ఊళ్ళో ఫస్ట్ వచ్చే పిల్లకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు మరి. ధైర్యం చెప్పడం వల్ల ప్రయోజనం తక్కువ. ప్రశ్న కట్టడం నేర్పాలి. "ఈ చాప్టర్ అర్థం కాలేదు సర్" అంటే ఏ లెక్చరరూ రెండు నిమిషాల్లో జవాబు చెప్పలేడు. ఏ లెక్క, ఏం చేశాను, ఎక్కడ ఆగాను, ఈ మూడూ ఉండాలి. ఆమె మొదట అడిగిన ప్రశ్న ఇది: "సర్, కారు వేగం పుంజుకునే లెక్కలో తిప్పే చక్రం మీద రాపిడి వెనక్కి తీసుకున్నాను, జవాబులో ముందుకు ఉంది. రాపిడి ఎప్పుడూ చలనానికి అడ్డం కదా?" రాపిడి అడ్డుకునేది చక్రం నేలమీద జారడాన్ని, కారు కదలడాన్ని కాదు అన్న ఒక్క మాటతో ఆ అధ్యాయంలో ఆరు లెక్కలు విడిపోయాయి.

భాష కూడా ఇంతే. స్కూల్లో మాతృభాష, ఇక్కడ ఇంగ్లిష్. పారిభాషిక పదాల దగ్గర ఇబ్బంది లేదు, అవి అందరికీ కొత్తవే, అందరూ నేర్చుకుంటారు. పడేసేవి చిన్న మాటలు: అట్ మోస్ట్, అన్‌లెస్, రెస్పెక్టివ్‌లీ, నాట్ నెససరిలీ. జవాబు పత్రాల్లో ఇలాంటి మాటల దగ్గర ప్రశ్ననే తప్పుగా చదివినచోట్లు నాలుగు దొరికాయి. 46 మాటల జాబితా తయారైంది, ఒక్కోదానికి ఒక లెక్క ఉదాహరణతో. పక్షం రోజుల్లో ఆ బాధ తగ్గింది.

"నేనిక్కడ తగను" అన్న భావానికి విడిగా ఒక గంట ఇచ్చాం. అమెరికాలో వాల్టన్, కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన ప్రయోగంలో, మొదటి ఏడాది బెరుకు అందరికీ ఉంటుందనీ పోతుందనీ సీనియర్లు చెప్పిన మాటలు చదివించి, దాన్ని విద్యార్థులతోనే సొంత మాటల్లో రాయించారు. ఆ గంట పని నల్లజాతి విద్యార్థుల మార్కుల మీద మూడేళ్ళు కనిపించింది, తెల్లవాళ్ళలో అంత తేడా రాలేదు. మేం చేసింది దానికి చిన్న రూపం. కానీ చదివే పద్ధతి మారకుండా ఇదొక్కటే చేస్తే ఈ కేసులో ఏమీ కదిలేది కాదు. ముట్టుకోని 31 మార్కులు ధైర్యంతో రావు.

ఫలితం, తర్వాతి ఏళ్ళు

ఎనిమిదో వారం మిడ్‌టర్మ్‌లో కాలిక్యులస్ 38. ఆమె ఏడ్చింది. పత్రం తెరిచి మళ్ళీ వర్గం చేస్తే ముట్టుకోని ప్రశ్నలకు పోయింది 31 నుంచి 9కి దిగింది, పొరపాట్లు పెరిగాయి. ఎక్కువ ప్రశ్నలు చేస్తే ఎక్కువ చోట్ల జారతారు, మొదట్లో ఇది మంచి గుర్తు. మొత్తం మార్కు మాత్రమే చూసి ఉంటే ఆ వారమే ప్లాను వదిలేసేది. సెమిస్టర్ చివర కాలిక్యులస్ రెండో భాగం 58, సప్లిమెంటరీలో కాలిక్యులస్ 54, ఫిజిక్స్ 51. నిద్ర సగటు 6 గంటల 50 నిమిషాలు.

రెండో ఏడాది నెలకోసారి వచ్చింది, చెప్పుకోవాల్సిందేమీ లేదు. మూడో ఏడాది మళ్ళీ పడింది, ఈసారి ప్రాజెక్టులో. ఆరు నెలల పని, మధ్యలో పరీక్ష లేదు, గడువు చాలా దూరం. రెండు నెలలు వ్యాసాలు డౌన్‌లోడ్ చేస్తూ, ఫోల్డర్లు సర్దుతూ గడిపింది. ఫెయిర్ నోట్సే, రూపం మారింది. పక్షానికోసారి గైడ్‌కు రెండు పేజీలు పంపే ఒప్పందం కుదిరింది: ఏం చేశాను, ఏం పనిచేయలేదు, వచ్చే పక్షం ఏం చేస్తాను. మొదటి రిపోర్టులో "ఏం చేశాను" కింద మూడు వాక్యాలే ఉన్నాయి. నాలుగో రిపోర్టుకు రెండు పేజీలు చాలలేదు.

చివరి ఏడాది ఫైలు మూసేటప్పటికి తేలనివి రెండు మిగిలాయి. ఇంగ్లిష్ చదివే వేగం ఇంకా తక్కువే. మార్కులు వచ్చిన రోజు జవాబు పత్రం తెరవడానికి ఇంకా రెండు మూడు రోజులు తీసుకుంటుంది. మొదటి సిట్టింగ్‌లో గీసిన కాగితం ఐదో వరుసలో, క్లాసుకు రాకపోతే ఎవరికి తెలుస్తుందన్నచోట, గ్రూపులోని ముగ్గురి పేర్లు రాసింది. అప్పజెప్పేది రాత్రి ఫోన్లో తమ్ముడికి, పది నిమిషాలు. వాడికి ఫిజిక్స్ ఇంకా రాదు. తడబడితే మళ్ళీ చెప్పమంటాడు.